వాగు మలుపూ, నేను కొట్టేసిన వాక్యమూ

మా పని ఏమిటంటే

కట్టబోయే భవనం కట్టాక కంటికి ఎలా ఉంటుందో, దేనికి అడ్డం వస్తుందో, పునాది తవ్వకముందే చెప్పాలి. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం అదే. పట్టణ ప్రణాళిక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను, అదే శాఖలో రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనికి పెద్ద పెద్ద పేర్లు వచ్చాయి, కంప్యూటర్లొచ్చాయి, కోర్సులొచ్చాయి. ఎనభైల్లో మా దగ్గరున్నవి నాలుగు వెదురు గడలు, ఎర్రగుడ్డ, ఒక తాడు చుట్ట, టేపు, ఆఫీసు కెమెరా. కెమెరా బాగున్న రోజున అందులో రీలు ఉండేది కాదు.

పద్ధతి చాలా తేలిక. భవనం ఎంత ఎత్తు లేస్తుందో అంత ఎత్తున గడ నిలబెట్టి కొసన ఎర్రగుడ్డ కట్టేవాళ్ళం. మూలకొక గడ పాతి, మధ్యన తాడు లాగేవాళ్ళం. ఆ తాడే రేపటి గోడ అనుకోవాలి. తర్వాత ఊరంతా తిరిగి, ఎక్కడి నుంచి చూస్తే ఆ గుడ్డ కనబడుతోందో, ఆ తాడు వెనక ఏవేవి మరుగున పడుతున్నాయో రాసుకోవాలి. ఆఫీసుకొచ్చి రెండు బొమ్మలు గీయాలి. ఇప్పుడిలా ఉంది, రేపిలా ఉంటుంది. చివర ఒక పట్టిక. ఏ చోటు, అక్కడి నుంచి చూసేది ఎవరు, వాళ్ళకు కలిగే నష్టం ఎంత.

మొన్న ఈ శాఖలో కొత్తగా చేరిన ఒకమ్మాయి మా ఇంటికొచ్చి, "మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి" అంది. సరే, రాస్తున్నాను. గొప్పలు వినాలనుకుంటే మాత్రం ఇక్కడితో ఆపేయమ్మా. నేను చేసిన మంచి పనులు ఆఫీసు ఫైళ్ళలో ఉన్నాయి. ఫైల్లో లేనిది ఒకటుంది. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టవుతుంది.

జీపు ఆగిన చోటు

అసలు సంగతికి వెళ్ళే ముందు మా వాళ్ళందరికీ ఉన్న రెండు జబ్బులు చెప్పాలి.

మొదటిది చెట్లు గీయడం. కట్టబోయే గోడ మరీ మొండిగా కనిపిస్తుంటే, బొమ్మలో దాని ముందు రెండు చెట్లు గీసేస్తాం. సత్తెనపల్లిలో ఒక గోడౌను బొమ్మ మా ఆఫీసరు రంగనాయకులు గారి బల్ల మీద పెడితే ఆయన కళ్ళజోడు పైకి తోసి, "ఏమోయ్ మూర్తీ, ఈ వేపచెట్టు ఎవరు నాటారు?" అన్నారు.

"నేనే సార్. పెన్నుతో."

ఆయన పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. నవ్వి సంతకం పెట్టేశారు. ఆయన చెడ్డవాడు కాదు. లంచం ముట్టేవారు కాదు, నాకు పని నేర్పింది ఆయనే. తప్పు ఎక్కడుందో ఇట్టే పట్టుకునేవారు. పట్టుకుని నవ్వి ఊరుకునేవారు. అలాంటి పైఆఫీసరు దగ్గర పనిచేయడం చాలా హాయిగా ఉంటుంది, అందుకే ప్రమాదం.

రెండో జబ్బు, జీపు ఆగిన చోటి నుంచే చూడటం. పాత రిపోర్టులు తీసి చూడండి. వంతెన, బస్టాండు, హైస్కూలు మెట్లు, ట్రావెలర్స్ బంగ్లా వరండా. ఆఫీసర్లు దిగే చోట్లే అన్నీ. ఊళ్ళో మిగతా జనానికి కళ్ళు లేనట్టు రాసేవాళ్ళం. బురదలోకి దిగితే బూట్లు పాడవుతాయని ఎవరూ రాయరుగా.

వర్తక సంఘం వారి భవనం

పల్నాడులో ఒక ఊరు. పేరు రాయను, గురజాల నుంచి బస్సులో ఎంతో సేపు పట్టదు. ఊరి మధ్యగా వాగు పారుతుంది. ఎండాకాలం మోకాలి లోతు కూడా ఉండదు. ఆ వాగు ఒడ్డున వర్తక సంఘం వారికి పాత రాతి భవనం ఉండేది, నాపరాళ్ళ అరుగులతో. దాన్ని పెంచి మూడంతస్తులు చేయాలనీ, కొత్త భాగాన్ని స్తంభాల మీద నీళ్ళ వైపుకు ముందుకు జరిపి కట్టాలనీ సంఘం వారి కోరిక. కింద పెళ్ళిళ్ళ హాలు, పైన గదులు, గదులన్నిటికీ వాగు గాలి. ఊరికి అదొక గొప్ప.

"ఊరి ముఖం మారిపోతుందయ్యా, జాగ్రత్తగా చెయ్" అని రంగనాయకులు గారు నన్ను పంపారు. ఎండలు ముదిరిన రోజులు. నాతో చైన్‌మన్ మస్తాన్. గొలుసు పట్టుకుని కొలతలు తీయడం అతని పని. అతనిది ఆ ఊరే, వాళ్ళ నాన్నకు అక్కడ సైకిల్ షాపు ఉండేది.

మధ్యాహ్నానికి గడలు పాతి, తాడు లాగి, అయిదు చోట్ల నుంచి చూడటం ముగించాను. ఇక భోజనానికి పోదామని నేను టేపు చుడుతుంటే మస్తాన్ కదల్లేదు.

"సార్, రేవు కాడ్నుంచి జూళ్ళేదు మనం."

"రేవు నుంచి ఎవరు చూస్తారయ్యా?"

"మనుషులే సార్. పొద్దున్నుంచీ ఆడే ఉన్నారు గదా, ఆ చప్పుడు వినపడతానే ఉంది."

నిజమే. భవనానికి దిగువన రజకుల రేవు. బండల మీద బట్టలు బాదే చప్పుడు పొద్దుటి నుంచీ నా చెవిన పడుతూనే ఉంది. మస్తాన్ ముందు చిన్నతనంగా అనిపించి దిగాను. అంతేగానీ బాధ్యత గుర్తొచ్చి కాదు.

అంకమ్మ

రేవులో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు నడుములు వంచి ఉతుకుతున్నారు. గట్టు వారన ఒక రాయి మీద ఒక ముసలమ్మ ఊరికే కూర్చుని ఉంది. నెత్తిన తడిగుడ్డ, చేతిలో కర్ర. పేరు అంకమ్మ అని మస్తాన్ చెప్పాడు.

"ఏందయ్యా, పొద్దుణ్ణించీ ఆ గుడ్డలు ఆడిస్తన్నారు? తిరనాళ్ళేమన్నా పెట్టారా?" అంది, మా వైపు చూడకుండానే.

"తిరనాళ్ళు గాదు అంకమ్మత్తా. ఈ సారు పెద్దాఫీసు నుంచి వచ్చాడు. ఆడ కొత్త బిల్డింగు కడతారంట."

"కట్టుకోమను, నాకేంది. ఎండన నిలబడ్డావే బాబూ, ఇట్టా నీడకు రా."

ఆ మాట కూడా మొహం తిప్పకుండానే అంది. నాకు కొంచెం కోపం వచ్చింది. జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన మనిషి ఎదురుగా నిలబడితే కన్నెత్తి చూడదేమిటి? అప్పట్లో నాకు అంత పొగరు.

"ఎటు చూస్తున్నావమ్మా?" అన్నాను.

"వాగును జూస్తన్నా. నా పనే అది."

భవనానికి ఎగువన వాగు ఒక మలుపు తిరుగుతుంది. ఆమె చూపంతా ఆ మలుపు మీదే ఉంది.

"ఈడ ఎండ గాస్తంటది బాబూ. పైన కొండల్లో వాన గురిస్తే మనకేం తెలుసుద్ది? ఉన్నట్టుండి వచ్చిపడతయ్ నీళ్ళు. వీళ్ళు తలకాయలొంచుకొని ఉతుకుతా ఉంటారు, ఈ చప్పుట్లో ఏం వినపడదు. ఆ మలుపు కాడ ముందు చెత్తా, నురగా కనపడుద్ది. ఆ తర్వాత ఎర్రనీళ్ళు. నురగ జూసి నేను కేకేశాననుకో, మూటలు గట్టుకొని గట్టెక్కుతారు. ఎర్రనీళ్ళు జూసి కేకేశాననుకో, మూటలు పోతయ్, మనుషులు మిగుల్తారు."

ఇది వాళ్ళ రేవు కట్టుబాటు. నడుము వంగని వయసొచ్చిన ఆడమనిషిని ఆ రాతి మీద కూర్చోబెడతారు. రోజుకో ఇంటి నుంచి ముద్ద వస్తుంది. అంకమ్మకు ముందు ఆమె అత్త కూర్చునేదట. అవతల ఉతుకుతున్న కోడలు కోటమ్మ నడుం నిమురుకుంటూ, "అత్త తర్వాత నేనేలే, అప్పుడే నా నడుం పోయింది" అని నవ్వింది. అందరూ నవ్వారు. అంకమ్మ కూడా నవ్వింది, చూపు మాత్రం అటే.

"నిలబడితే నీకేం కనపడుద్ది బాబూ, కూసో" అంది. పక్కన కూర్చున్నాను. కూర్చుని అటు చూస్తే, మేం లాగిన తాడు సరిగ్గా మలుపుకు అడ్డంగా ఉంది. పైనుంచి కిందికి మొత్తం. స్తంభాల మధ్యనుంచి చూద్దామంటే అక్కడ కట్టబోయే మెట్లవరస మూసేస్తుంది.

ఆమే అడిగింది.

"ఆ తాడున్న కాడ గోడ వస్తదా?"

"వస్తుందమ్మా."

"మరి నాకు మలుపెట్టా కనపడుద్ది?"

"ఇంకోచోట కూర్చోకూడదా? ఆ భవనం అవతల?"

"ఆడ కూసుంటే నా కేక వీళ్ళకు వినపడొద్దూ?" అంది. మళ్ళీ తనే, "నువ్వు చదువుకున్నోడివి. ఈ సంగతి ఆ కాయితంలో రాయి బాబూ" అంది.

"రాస్తానమ్మా" అన్నాను.

అప్పుడు మొహం తిప్పి నన్ను చూసింది. ఒక్క క్షణమే. మళ్ళీ వాగు వైపు తిరిగింది.

కొట్టేసిన వాక్యం

రాశాను. అబద్ధం కాదు, చిత్తుప్రతిలో నిజంగానే రాశాను. ఇంగ్లీషులో రాసిన ఆ వాక్యం తెలుగులో ఇది: "రేవులో బట్టలు ఉతికేవారు వాగు మలుపును చూసి వరదను ముందుగా పసిగడతారు, కొత్త భాగం ఆ మలుపును పూర్తిగా మరుగుపరుస్తుంది కనుక దానిని నాలుగు గజాలు వెనక్కి జరపాలి." నాలుగు గజాలు చాలునని నేను ప్లాను మీద గీతలు గీసి చూసుకున్నాను. గదికి ఒక కిటికీ తగ్గుతుంది. అంతకుమించి పోయేదేమీ లేదు.

రంగనాయకులు గారు చదివి పెన్ను ఆ వాక్యం మీద ఆనించారు.

"ఇది మన కిందికి వస్తుందటోయ్? వరద సంగతి కదా. వరద మనది కాదు."

"వాళ్ళు చూసేది కళ్ళతోనే కదా సార్."

ఆయన నవ్వారు. "అదీ నిజమే. ఉంచుతానంటే ఉంచు, రిపోర్టు నీది. నేనేం కాదనను. కాకపోతే ప్లాను మారుతుంది, నీ బొమ్మ మళ్ళీ మొదటికొస్తుంది. హైదరాబాదులో మీటింగు సోమవారం. ఆలోచించుకో."

ఈ మాటలు జాగ్రత్తగా చదవండి. ఆయన నన్ను బలవంతపెట్టలేదు. ఎన్నో ఏళ్ళు నేను మనసులో ఆయన్నే తిట్టుకున్నాను, ఆయనే కొట్టేయించాడని నాకు నేనే కథ చెప్పుకున్నాను. కాదు. ఉంచుతానంటే ఉంచనిచ్చేవారు.

ఆ బొమ్మ అంత బాగా కుదిరింది. అదీ కారణం. సాయంత్రం వెలుగులో కొత్త భవనం, నీళ్ళలో దాని నీడ, ఒక్కో కిటికీ, ఒక్కో అల. ట్రేసింగ్ షీటు మీద వారం రోజులు కళ్ళు పొడుచుకుని గీశాను. నా జన్మలో అంత బాగా ఇంకేదీ గీయలేదు. అది హైదరాబాదులో పెద్దల ముందు వేలాడుతుందని పొంగిపోయి ఉన్నాను. మళ్ళీ గీయాలంటే ప్రాణం ఉసూరుమంది. బొమ్మలో నాలుగు గజాలు వెనక్కి జరిపితే నీళ్ళలో నీడ పోతుంది. ఛీ, ఇది రాస్తుంటేనే సిగ్గుగా ఉంది. నీడ కోసం.

టైపుకు పంపే ముందు ఎర్రసిరాతో ఆ వాక్యాన్ని కొట్టేశాను. పట్టికలో రేవు దగ్గర ఇలా నింపాను: "చూడదగ్గ దృశ్యం ఏదీ లేదు. నష్టం లేదు." చిత్తుకాగితాలు ఎప్పటిలాగే చించి బుట్టలో వేశాను.

సోమవారం బొమ్మను అందరూ మెచ్చుకున్నారు. తర్వాత అద్దం కట్టించి మా ఆఫీసు గోడకు తగిలించారు.

పిల్లలూ, మీకు నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. చూపు అంటే అందం అనుకుంటాం మనం. కొండ కనబడాలి, నీళ్ళు కనబడాలి, సూర్యుడు అస్తమిస్తే కనబడాలి. చూడటం మీద బతుకు ఆధారపడ్డ మనుషులుంటారని మన పట్టికలో గడి లేదు. గడి లేకపోతే మార్జిన్‌లో రాయండి. మార్జిన్ చాలకపోతే వెనకవైపు రాయండి.

బండ

భవనం లేచింది. రెండో వానాకాలంలో ఒకరోజు మస్తాన్ సెలవు నుంచి తిరిగొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, అంకమ్మత్త పోయింది."

పెద్దది కదా, పోయుంటుంది అనుకున్నాను. "ఎలా?" అన్నాను ఊరికే.

గోడ లేచాక గట్టు మీది రాయి పనికి రాలేదట. అక్కణ్ణుంచి చూస్తే కనిపించేది పెళ్ళిళ్ళ హాలు గోడే. వాగు నడిమధ్యన ఒక బండ ఉంది. దాని మీదికెక్కితే గోడ పక్కనుంచి మలుపు కనబడుతుంది. పొద్దున్నే కోడలు చెయ్యి పట్టుకుని నీళ్ళలోంచి నడిపించుకెళ్ళి ఆ బండ మీద కూర్చోబెట్టేది, సాయంత్రం తీసుకొచ్చేది. ఏడాదిపాటు అలాగే జరిగింది. ఆ రోజు ఊళ్ళో చుక్క వాన లేదు. మలుపు దగ్గర నురగ చూసి అంకమ్మ కేకలు పెట్టింది. అందరూ మూటలతో సహా గట్టెక్కారు. కోటమ్మ వెనక్కి తిరిగి అత్త కోసం నీళ్ళలోకి దిగబోతే మిగతావాళ్ళు జుట్టు పట్టుకుని లాగారట. బండ మీదున్న మనిషి అందరూ ఎక్కారా లేదా అని లెక్కపెడుతూ కూర్చుందని మస్తాన్ చెప్పాడు. రెండు రోజుల తర్వాత దిగువన దొరికింది.

మస్తాన్‌కు ఆ ఇంగ్లీషు రిపోర్టులో ఏముందో తెలియదు. రేవులో నేను "రాస్తాను" అనడం మాత్రం విన్నాడు.

మర్నాడే మస్తాన్‌ను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. తప్పు ఒప్పుకోవాలనే అనుకుని బస్సెక్కానని చెప్పుకుంటాను. రేవులో కోటమ్మ కనిపించింది. ఎక్కడ? వాగు నడుమ ఆ బండ మీద. నన్ను గుర్తుపట్టి ఇంకో మనిషిని అక్కడ కూర్చోబెట్టి, చీర పిండుకుంటూ వచ్చింది.

"అయ్యా, నువ్వు ఆ పొద్దు మా అత్త పక్కన గూసున్న సారువు గదా? రాస్తానంటివి. రాశావా?"

చుట్టూ ఆడవాళ్ళంతా ఉతకడం ఆపి చూస్తున్నారు. మస్తాన్ కూడా చూస్తున్నాడు.

"రాశానమ్మా," అన్నాను. "పైవాళ్ళు వినలేదు."

ఆ మాట నా నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందో. కోటమ్మ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

"చూశారా! ఈ అయ్య రాశాడంట. ఆళ్ళే వినలేదంట, మట్టిగొట్టుకుపోను" అని అందరికీ చెప్పింది. నన్ను నీడన కూర్చోమంది. ఎవరో సోడా తెచ్చారు. తాగాను. అదీ తాగాను.

వచ్చేటప్పుడు వెంట నడిచింది. "అయ్యా, ఆ రాసిన కాయితం నకలుంటే మాకిప్పించు. కలెక్టరు కాడికి పోయి చూపిస్తాం. ముందే చెప్పారయ్యా మీ ఆఫీసోళ్ళే అని అడుగుతాం. మూల గది ఒకటి తీయిస్తే చాలు, మళ్ళీ గట్టు మీద గూసుంటాం. ఇప్పుడు ఆ బండ మీద నేనే గూసుంటన్నా. నాకు పిల్లలున్నారయ్యా" అంది.

"వెతికి పంపిస్తాను" అన్నాను.

కాగితం కోసం

నెల తర్వాత మస్తాన్ అడిగాడు. "ఫైలు స్టోర్సులో ఉంది, తీయించాలి" అన్నాను. ఇంకో నెలకు మళ్ళీ అడిగాడు. విసుక్కున్నాను. తర్వాత అతను అడగడం మానేశాడు. మానేసి నా మొహం వైపు చూడటం కూడా తగ్గించాడు. అతనికి అర్థమైందని నాకు తెలిసింది.

ఇప్పటికీ నేను ఆలోచించేది ఇదే. అప్పుడైనా కొత్తగా ఒక కాగితం రాయవచ్చు. "నేను ఈ సంగతి కళ్ళారా చూశాను, రిపోర్టులో చేర్చలేదు, తప్పు నాది" అని మూడు ముక్కలు రాసి సంతకం పెడితే కలెక్టరు దగ్గర అంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? ఉద్యోగం పోయేది కాదు. మహా అయితే ఒక మెమో వచ్చేది. రాయలేకపోయాను. కోటమ్మకు నేను అబద్ధం చెప్పానని తెలిసిపోతుంది, అదీ నా భయం.

మళ్ళీ ఎండలు మొదలయ్యేసరికి ఆమే వచ్చింది. రెండు బస్సులు మారి, ఆఫీసు ఎక్కడో నలుగురిని అడుగుతూ వచ్చింది. వరండాలో అటెండర్‌తో మాట్లాడుతున్న గొంతు వినబడగానే నేను లేచి వెనక రికార్డు గదిలోకి వెళ్ళిపోయాను. వెళుతూ అటెండర్‌కు చేత్తో సైగ చేశాను, లేనని చెప్పమని.

"సారు కాంపుకెళ్ళాడమ్మా."

"ఎప్పుడొస్తాడు?"

"చెప్పలేం. రెండ్రోజులు పట్టొచ్చు."

బీరువా పక్కన నిలబడి ఉన్నాను. మధ్యన సన్నటి చెక్క తలుపు. ఆమె మధ్యాహ్నం దాకా వరండాలోనే కూర్చుంది. నేను మధ్యాహ్నం దాకా ఆ గదిలోనే నిలబడ్డాను. చివరికి లేచిన అలికిడి. అటెండర్‌కు ఆమె మీద జాలేసినట్టుంది.

"నన్ను చెప్పమంటావా అమ్మా, గట్టిగా అడగమంటావా సారును?" అన్నాడు.

"వద్దు బాబూ, ఆయన్నేం తొందరపెట్టబాకండి" అంది కోటమ్మ. "వానలు పడేలోపు దొరికితే చాలు. మా గురించి రాసిన మనిషి ఆయనొక్కడే."

నేను బయటికి రాలేదు.